గేటు దగ్గరి గుంపు, డైరీలోని హోంవర్క్: హన్మకొండ బడి ఒకదాని కేస్ స్టడీ

హన్మకొండకూ కాజీపేటకూ మధ్య ఉన్న ఒక ప్రైవేటు బడి నుంచి నాకు వచ్చిన పని చాలా చిన్నది. గేటు దగ్గర బయటివాళ్ల రాకపోకలకు రూల్స్ రాసివ్వాలి, అంతే. నేను చేసే పని కూడా అదే. బడులకు నియమాలు రాసిపెట్టి, అవి గాడిన పడేదాకా వెంట ఉంటాను. ఈ బడిలో గేటు కోసం మొదలుపెట్టిన పని హోంవర్క్ మీదికి, అక్కడి నుంచి ట్యూషన్ల మీదికి వెళ్లింది. మిగతా బడులకు కూడా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. బడి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ అక్కర్లేదు.

స్టేట్ సిలబస్, ఇంగ్లిష్ మీడియం, ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా. తల్లిదండ్రుల్లో కాజీపేట రైల్వే ఉద్యోగులున్నారు, చౌరస్తాలో దుకాణాలవాళ్లున్నారు, ఆటో నడిపేవాళ్లున్నారు. ఇంకో రకం కుటుంబాలు కూడా ఇక్కడ ఎక్కువ. ధర్మసాగర్, హసన్‌పర్తి, పరకాల వైపు ఊళ్లలో వ్యవసాయం చేసుకుంటూ, పిల్లల చదువు కోసం హన్మకొండలో గది అద్దెకు తీసుకున్నవాళ్లు. అమ్మానాన్నలు ఊళ్లో ఉంటారు. గదిలో పిల్లలతో నాయనమ్మో అమ్మమ్మో ఉంటుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి. తర్వాత జరిగినవాటిలో చాలావరకు దీనితోనే ముడిపడి ఉన్నాయి.

నన్ను పిలవడానికి కారణమైన సంఘటన ఇది. ఒకరోజు బడి వదలడానికి అరగంట ముందు ఒకతను వచ్చి, "ట్యూషన్ సార్ పంపిండు, ఇయ్యాల జల్ది రమ్మన్నడు" అని చెప్పి ఆరో తరగతి పాపను ఆటోలో ఎక్కించుకుని వెళ్లాడు. రోజూ చూసే మొహమే కదా అని వాచ్‌మెన్ పంపేశాడు. కాసేపటికి పాప నాయనమ్మ వచ్చింది. మనవరాలు లేదని తెలిసి గేటు దగ్గరే కూలబడింది. పాప ట్యూషన్‌లోనే ఉందని తెలిసేసరికి బడి మొత్తం హడలిపోయింది. మర్నాడు స్లిప్ టెస్ట్ ఉందని ఆ ట్యూషన్‌వాళ్లు పిల్లలను ముందే పిలిపించుకున్నారట. పాపకు ఏమీ కాలేదు. కానీ ఆ వచ్చినవాడు ఇంకెవరైనా అయినా వాచ్‌మెన్ అలాగే పంపేవాడన్న సంగతి అందరికీ అర్థమైంది.

కరస్పాండెంట్ గారు అప్పటికే మరికొన్ని సీసీ కెమెరాలకు ఆర్డర్ ఇచ్చేశారు. "అనుమతి లేనిదే లోపలికి రాకూడదు" అన్న బోర్డు కూడా రాయించారు. కెమెరాలు వద్దని నేను అనలేదు. పాపను ఎవరు తీసుకెళ్లారో కెమెరాలో కనిపిస్తుంది. ఆ మనిషికి మన గేటు దగ్గర రోజూ ఏం పని అన్నది కనిపించదు.

గేటు దగ్గర ఎవరుంటారు

ముందుగా విజిటర్స్ రిజిస్టర్ తీయించాను. "పని" అన్న గడిలో పేజీల కొద్దీ పర్సనల్, పర్సనల్, ఫీజు, పర్సనల్ అనే ఉంది. బయటికి వెళ్లిన టైం దాదాపు ఎవరిదీ లేదు. వచ్చినవాళ్లలో రిజిస్టర్ దాకా చేరేవాళ్లే కొందరు. మిగతావాళ్లు గేటు ఊచల్లోంచే పని కానిచ్చుకుంటున్నారు. అందుకే కొన్ని రోజులు నేనూ ఇన్‌చార్జి మేడమూ గేటు పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. వచ్చిన ప్రతి ఒక్కరినీ "ఏం పని మీద వచ్చిండ్రు?" అని అడిగి రాసుకున్నాం.

మధ్యాహ్నం క్యారియర్లు తెచ్చే తాతలు, అమ్మలు ఎలాగూ ఉంటారు. మేం ఊహించనిది మిగతా గుంపు సంగతి. పొద్దున పదకొండు లోపు వచ్చేవాళ్లలో ఎక్కువమంది మర్చిపోయిన నోట్‌బుక్, చార్ట్, ప్రాజెక్ట్ తెచ్చినవాళ్లే. హోంవర్క్ చేయలేదని బాబును బయట నిలబెట్టారట, టీచర్‌తో మాట్లాడాలి అనేవాళ్లు కొందరు. డైరీలో ఏం రాశారో అర్థం కాలేదు, పేజీ నంబర్ చెప్పండి అనేవాళ్లు ఇంకొందరు. మూడున్నర దాటితే ట్యూషన్ సెంటర్ల ఆటోలు. నేరుగా పిల్లలను తీసుకెళ్లే డిగ్రీ కుర్రాళ్లు, చేతిలో పాంప్లెట్లు పట్టుకుని "మా దగ్గర అన్ని సబ్జెక్టుల హోంవర్క్ చేయిస్తాం" అని నాయనమ్మలకు చెప్పే ఒక మేడం.

వాళ్లను పక్కన పెడితే ఒలింపియాడ్ పరీక్షల ఏజెంట్లు, గైడ్లు అమ్మేవాళ్లు, పదో తరగతి పిల్లలను తమ కాలేజీల్లో చేర్పించుకోవడానికి వచ్చే జూనియర్ కాలేజీల పీఆర్‌ఓలు. వరంగల్‌లో బడి నడిపేవాళ్లెవరికైనా ఈ పీఆర్‌ఓల సంగతి కొత్త కాదు. దసరా సెలవులు అయ్యాక మొదలవుతారు. ఐదు నిమిషాలు క్లాసులో మాట్లాడతామంటారు, చివరికి తల్లిదండ్రుల ఫోన్ నంబర్ల లిస్టు అడుగుతారు.

క్యారియర్లు, పీఆర్‌ఓలు పోగా మిగిలిన గుంపులో ఎక్కువ భాగం హోంవర్క్ పుణ్యమే. అంటే గేటు దగ్గరికి మనుషులను పంపుతున్నది తరగతి గదులే. ఈ మాట చెప్పినప్పుడు కరస్పాండెంట్ గారు మొదట నవ్వారు. సరే, డైరీలు తెప్పించి చూద్దామన్నాను.

డైరీల్లో కనిపించింది

మూడో తరగతి, ఐదో తరగతి, ఎనిమిదో తరగతి. ఒక్కో సెక్షన్ నుంచి కొన్ని డైరీలు తీసుకుని ఒక నెల హోంవర్క్ అంతా వరసగా చదివాం. ఏ టీచరూ విడిగా చూస్తే ఎక్కువ ఇవ్వలేదు. లెక్కల మేడం ఒక ఎక్సర్‌సైజ్, సైన్స్ సార్ నాలుగు ప్రశ్నలు, తెలుగు మేడం ఒక పేజీ చూచిరాత, హిందీ పదాలు ఐదేసిసార్లు. ఒక్కొక్కరిని అడిగితే "ఇరవై నిమిషాల పని సార్" అంటారు. నిజమే. కానీ ఐదుగురూ ఒకేరోజు ఇస్తే ఐదో తరగతి పిల్లవాడికి రాత్రి తొమ్మిదిన్నర అవుతోంది. మొత్తం ఎంత అవుతుందో చూసే మనిషి బడిలో ఒక్కరూ లేరు.

రెండో సంగతి ఇంతకంటే పెద్దది. ఇచ్చిన పనిలో చాలావరకు పిల్లవాడు ఒక్కడే కూర్చుని చేయగలిగేది కాదు. క్లాసులో ఇంకా చెప్పని లెక్కలు "ట్రై చేయండి" అని ఇస్తున్నారు. ఇంగ్లిష్‌లో ప్రశ్న రాసి జవాబు పాఠంలో వెతుక్కోమంటున్నారు. గదిలో ఉన్నది ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ. ఆమె ఏం చేయగలదు? పక్క వీధిలో ట్యూషన్ ఉంది. నెలకు కొంత ఇస్తే హోంవర్క్ పూర్తి చేయించి పంపుతారు. పొద్దున బడిలో నోట్‌బుక్ నిండుగా కనిపిస్తుంది, టీచర్ టిక్కు పెడుతుంది, పిల్లవాడికి వచ్చిందనుకుని ముందు పాఠానికి వెళ్లిపోతుంది. స్లిప్ టెస్ట్ పెడితే అసలు రంగు బయటపడుతుంది. ఒక సెక్షన్‌లో ట్యూషన్ పిల్లల నోట్‌బుక్‌లు తెరిచి పక్కపక్కన పెట్టాం. అదే కొట్టివేత, అదే తప్పు, అదే చోట. ట్యూషన్‌లో బోర్డు మీద చూసి దించుకున్నారన్నమాట.

ప్రాజెక్టుల సంగతి ఇంకోటి. మన దగ్గర హైస్కూల్ ఎఫ్‌ఏలో, అంటే ఏడాది మధ్యలో బడే వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో, ఇరవై మార్కులు నాలుగు భాగాలుగా ఉంటాయి. పిల్లల భాగస్వామ్యానికి, రాత పనులకు, ప్రాజెక్టుకు, స్లిప్ టెస్ట్‌కు ఐదేసి చొప్పున. ప్రాజెక్టు ఉద్దేశం మంచిదే. ఆచరణలో అది బడి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపువాడి వ్యాపారం. "ఎనిమిదో తరగతి సైన్స్ ప్రాజెక్ట్" అంటే చాలు, బొమ్మలతో సహా ప్రింట్ తీసి స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తాడు. పొద్దున పదకొండు లోపు గేటు దగ్గరికి వచ్చే చార్టుల్లో చాలా భాగం అక్కడివే.

హోంవర్క్ ఎంత ఉండాలన్నదానికి మనం కొత్తగా కొలతలు కనిపెట్టాల్సిన పని లేదు. 2018 లో కేంద్ర మానవ వనరుల మంత్రిత్వ శాఖ ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ ఇవ్వొద్దని రాష్ట్రాలకు రాసింది. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ ఇంకాస్త వివరంగా చెప్పింది. రెండో తరగతి దాకా హోంవర్క్ లేదు, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలకు మించకూడదు, ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకు గంట, ఆ పైన రోజుకు రెండు గంటలు. మూడు నుంచి ఐదు తరగతుల లెక్క వారానిది, రోజుది కాదు. స్టాఫ్ మీటింగ్‌లో ఇది చదివినప్పుడు "వారానికా?" అని ఇద్దరు ముగ్గురు ఒకేసారి అడిగారు.

ట్యూషన్ చెప్పేదెవరు

ఇక్కడికి వచ్చేసరికి స్టాఫ్ రూమ్‌లో గాలి బిగిసింది. ఎందుకంటే చుట్టుపక్కల ట్యూషన్లలో రెండు ఈ బడి టీచర్లవే. ఒకటి లెక్కల సార్ ఇంట్లో, ఇంకొకటి ఒక టీచర్ భర్త పేరు మీద. తమ క్లాసు పిల్లలకే సాయంత్రం ఇంట్లో చెబుతున్నారు.

2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఒక్క వాక్యమే. ఏ టీచరూ ప్రైవేటు ట్యూషన్ గానీ ప్రైవేటు బోధన గానీ చేయకూడదు. సర్కారు బడి, ప్రైవేటు బడి అన్న తేడా ఆ వాక్యంలో లేదు. కరస్పాండెంట్ గారు వెంటనే "రేపటి నుంచి బంద్ అని సర్క్యులర్ ఇచ్చేద్దాం" అన్నారు. నేను ఆగమన్నాను. చట్టం ఒప్పుకోదని తెలిసే అందరూ చేస్తున్నారు, ఆ జీతాలతో హన్మకొండలో అద్దె కట్టి ఇల్లు నడవదు కాబట్టి చేస్తున్నారు. ఇది నా అభిప్రాయం, బడి యజమానులకు నచ్చదని తెలుసు. టీచర్‌కు సరైన జీతం ఇవ్వని బడికి ట్యూషన్ బంద్ అనే హక్కు కాగితం మీద ఉంటుంది గానీ అది నడవదు. పేరు మార్చి, భార్య పేరు మీదో భర్త పేరు మీదో చెబుతారు.

అయినా ఒక విషయంలో మెత్తబడే ప్రసక్తి లేదని చెప్పాను. క్లాసులో చెప్పేవాడే ఇంట్లో డబ్బులు తీసుకుని అదే పిల్లవాడికి చెబితే, క్లాసులో కొంత దాచుకోవాలన్న ఆశ మనిషికి పుడుతుంది. ట్యూషన్‌కు రాని పిల్లవాడి మీద చూపు మారుతుంది. ఆ టీచర్ ఎంత మంచివాడైనా తల్లిదండ్రులకు అనుమానం తప్పదు. ఒక తండ్రి నాతో అన్నమాట: "సార్ దగ్గరికి పంపకపోతే ఎఫ్‌ఏ మార్కులు ఎట్లేస్తడో అని భయమైతది." ఆ లెక్కల సార్ మార్కుల్లో తేడా చేసిన దాఖలా మాకు ఎక్కడా దొరకలేదు. ఆ భయం మాత్రం నిజం.

చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. బడి వదిలాక ఒక గంట స్టడీ అవర్ బడిలోనే ఉంటుంది. విడిగా ఫీజు లేదు. టీచర్లు వంతులవారీగా ఉంటారు, ఉన్న గంటకు బడి విడిగా డబ్బు ఇస్తుంది. ఆ డబ్బు ఎక్కడి నుంచి అన్నదాని మీద కరస్పాండెంట్ గారితో చాలా పొద్దు గడిచింది. కెమెరాల ఆర్డర్ సగానికి తగ్గించడం, వార్షికోత్సవం ఖర్చు తగ్గించడం అన్న దగ్గర ఒప్పుకున్నారు. లెక్కల సార్‌కు ఇది గిట్టుబాటు కాలేదు. విద్యా సంవత్సరం చివర్లో రాజీనామా చేసి ట్యూషన్ సెంటరే పెట్టుకున్నారు. మంచి టీచర్. బడికి నష్టమే, దాచడం ఎందుకు?

తొమ్మిది, పది తరగతుల ఫౌండేషన్ కోచింగ్ (ఐఐటీ, నీట్ లాంటి పరీక్షలకు ముందునుంచే ఇచ్చే శిక్షణ) జోలికి మేం పెద్దగా పోలేదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాలు పదహారేళ్ల లోపు పిల్లలను చేర్చుకోవద్దంటున్నాయి, బడి వేళల్లో కోచింగ్ వద్దంటున్నాయి. రెండోది మాత్రం గట్టిగా పట్టుకున్నాం. కోచింగ్ కోసం బడి నుంచి ముందుగా పంపడం లేదని రాతపూర్వకంగా చెప్పాం. ఆదివారం నయీంనగర్‌లో ఎక్కడికి పంపుకుంటారో అది తల్లిదండ్రుల ఇష్టం.

రాసిన రూల్స్, వాటికి వచ్చిన ఎదురుదెబ్బలు

హోంవర్క్ రూల్ మూడు వాక్యాల్లో రాశాం. క్లాసులో చెప్పి, ఒక ఉదాహరణ చేయించాకే దాన్ని ఇంటికి ఇవ్వాలి. పిల్లవాడు ఎవరి సాయం లేకుండా చేయగలిగేదై ఉండాలి. టైం అయిపోతే ఇంట్లోవాళ్లు అక్కడ సంతకమో వేలిముద్రో పెట్టి ఆపేయొచ్చు, మర్నాడు దానికి శిక్ష ఉండదు. శిక్ష గురించి విడిగా చెప్పాల్సి వచ్చింది. హోంవర్క్ చేయలేదని వరండాలో నిలబెట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కిందికి వస్తుందని కొందరు టీచర్లు ఎప్పుడూ అనుకోలేదు. కొడితేనే తప్పనుకున్నారు. మానసికంగా వేధించడం కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది.

స్టాఫ్ రూమ్ గోడకు సెక్షన్‌కు ఒక చార్ట్ అంటించాం. ఏ రోజు ఏ సబ్జెక్టు వంతో అందులో ఉంటుంది. ఇచ్చేవాళ్లు ఎన్ని నిమిషాల పనో అక్కడ రాయాలి, ముందువాళ్లు రాసినదానితో కలిపి పరిమితి దాటితే ఆ రోజు ఇవ్వకూడదు. మొదటి వారాల్లో పొద్దున్నే వచ్చి నిమిషాలు బుక్ చేసుకునే పోటీ నడిచింది. బస్సులో రుమాలు వేసి సీటు ఆపుకున్నట్టే. ఇన్‌చార్జి మేడం ఆ పద్ధతి మాన్పించి, వారం మొత్తానికి శనివారమే పంచేయడం మొదలుపెట్టాక సర్దుకుంది. ప్రాజెక్టులు శనివారం చివరి రెండు పీరియడ్లలో క్లాసులోనే చేయాలి. ప్రింట్ కాగితాలు తీసుకోరు. ఒకటి, రెండు తరగతుల్లో హోంవర్క్ బదులు, నిన్న సాయంత్రం ఏం ఆడావు, ఏం తిన్నావు అని పొద్దున పిల్లలతో చెప్పిస్తున్నారు. ఇది కూడా ఆ 2020 పాలసీలో ఉన్నదే.

తల్లిదండ్రుల మీటింగ్ నేను అనుకున్నదానికంటే వేడిగా జరిగింది. "హోంవర్క్ లేకపోతే ఫీజు దేనికి?" అని ఒకాయన లేచారు. పక్క బడిలో ఎక్కువ ఇస్తున్నారని ఇంకొకాయన. ఒక తల్లి చెప్పింది నాకు బాగా గుర్తుంది: "రాత్రి పది దాకా రాస్తుంటే సదువుతున్నట్టు కనబడ్తది సార్. తొందరగ లేస్తే ఫోన్ పట్టుకుంటడు, నేనేం చెయ్యాలె?" ఈ ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. స్టడీ అవర్ కొంత జవాబు. లైబ్రరీ పుస్తకం వారానికొకటి ఇంటికి ఇవ్వడం కొంత. మీటింగ్‌లో మాటలకంటే ఎక్కువ పనిచేసింది ఆ నోట్‌బుక్‌లే. ఒకే తప్పు ఒకే చోట ఉన్న ఆరేడు నోట్‌బుక్‌లు టేబుల్ మీద తెరిచి పెట్టాం. చూసినవాళ్లలో కొందరు మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నారు.

ఇక గేటు. ఇది చివర రాసింది, అన్నిటికంటే చిన్నది. ప్రతి పిల్లవాడికీ ఒక పికప్ కార్డు, దాని మీద ముగ్గురి ఫొటోలు, కింద తల్లిదండ్రుల సంతకం. ట్యూషన్ ఆటో అతన్ని పంపాలంటే అతని ఫొటో కూడా ఆ ముగ్గురిలో ఉండాలి. మధ్యలో మార్పు ఉంటే ఫోన్ చేసి చెప్పొచ్చు, కానీ వచ్చిన ఫోన్‌ను నమ్మి పంపరు. ఆఫీసువాళ్లే అడ్మిషన్ ఫారంలో ఉన్న నంబర్‌కు తిరిగి చేసి కనుక్కుంటారు. క్యారియర్లకు గేటు లోపల ఒక బల్ల, క్లాసులవారీగా గళ్లు. మర్చిపోయిన నోట్‌బుక్ లోపలికి పోదు. శిక్ష లేనప్పుడు దాని కోసం పరుగెత్తుకు రావాల్సిన పని కూడా లేదని చెప్పాం. పీఆర్‌ఓలు, ఏజెంట్లు ఆఫీసు దాటి రాకూడదు, క్లాసులో మాట్లాడకూడదు, నంబర్ల లిస్టు ఇచ్చే ప్రశ్నే లేదు. 2023 లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. పీఆర్‌ఓలకు ఈ మాట చెప్పడం ఆఫీసువాళ్లకూ సులువైంది.

రంగులు వేసేవాళ్లు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు పిల్లలు ఉన్నప్పుడు పనిచేయాల్సి వస్తే అటెండర్ వెంట ఉండాలి, పిల్లల టాయిలెట్ల వైపు బడి వదిలాకే వెళ్లాలి. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం గురించి టీచర్లకు, ఆయమ్మలకు, వాచ్‌మెన్‌కు విడిగా ఒక పూట చెప్పాం. అనుమానం వస్తే యాజమాన్యానికి చెప్పి ఊరుకుంటే చాలదు, పోలీసులకు తెలియజేయడం చట్టప్రకారం తప్పనిసరి, దాచడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ ప్రతి అంతస్తులో పిల్లలకు కనిపించే ఎత్తులో రాయించాం.

ఎంత రాసినా, కారులోంచి దిగినవాడిని ఆపే ధైర్యం వాచ్‌మెన్‌కు ఉండదు. రూల్ పెట్టిన మొదటి వారంలోనే కరస్పాండెంట్ గారి బామ్మర్ది వచ్చి హారన్ కొట్టాడు. వాచ్‌మెన్ రిజిస్టర్ ముందుకు తోశాడు. పైనుంచి ఫోన్ వస్తుందని అందరూ ఎదురుచూశారు. కరస్పాండెంట్ గారే కిందికి వచ్చి, బామ్మర్దితో సంతకం చేయించి, తర్వాత లోపలికి తీసుకెళ్లారు. ఆ తర్వాత వాచ్‌మెన్‌కు నేను నేర్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

రూల్స్ సడలిన రోజులూ ఉన్నాయి. దసరా సెలవుల ముందు బతుకమ్మ ఆడించే రోజు అమ్మలు, అవ్వలు, చుట్టాలు అందరూ వస్తారు, రావాలి కూడా. ఆ రోజు రిజిస్టర్ రాయించబోతే పండుగ కాస్తా క్యూ అవుతుంది. గేటు తెరిచే ఉంచాం. పిల్లలను గ్రౌండ్ నుంచి నేరుగా పంపకుండా, క్లాసులకు తీసుకెళ్లి కార్డు చూసి పంపాం. మేడారం జాతర ఏడాదిలో మాత్రం బడి వదలకముందే, సగం రోజు నుంచే పిల్లలను తీసుకెళ్లడానికి ఊరి నుంచి ఎవరెవరో వచ్చారు. కార్డులో లేని మేనమామలు, పెదనాన్నలు. ఆఫీసు ఫోన్ ఖాళీ లేకుండా మోగింది. కొందరు తిట్టారు. ఒక్క పిల్లవాడిని కూడా తిరిగి ఫోన్ చేయకుండా పంపలేదు.

ఏడాది తర్వాత ఉన్న పరిస్థితి ఇది. పొద్దుటి గుంపు బాగా తగ్గింది. ప్రైమరీ పిల్లల్లో ట్యూషన్ మానిపించినవాళ్లు చాలామంది ఉన్నారు. హైస్కూల్లో పెద్ద మార్పు లేదు, పదో తరగతిలో అసలు లేదు. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు "చదువు సక్కగ లేదు" అని వేరే బడికి మార్చారు. నోట్‌బుక్‌లు ఇప్పుడు సగం సగమే నిండి ఉంటున్నాయి, ఎక్కడ ఆగిపోయాడో టీచర్‌కు కనిపిస్తోంది. కొత్తగా వచ్చిన లెక్కల మేడం ఆ ఆగిన చోట్లు చూసుకుని మర్నాటి పాఠం మొదలుపెడుతోంది.

తేలనిది ఒకటుంది. జనవరి నుంచి పదో తరగతికి ప్రత్యేక తరగతులు చీకటి పడేదాకా నడుస్తాయి. ఆ వేళకు నాయనమ్మలు వచ్చి తీసుకెళ్లడం కష్టం, ఆడపిల్లలు షేర్ ఆటోల్లో పోతున్నారు. తరగతులను పొద్దుటి పూటకు మార్చాలని నేను, బడి బస్సు ఇంకో ట్రిప్పు వేయాలని ఇన్‌చార్జి మేడం, డీజిల్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారని కరస్పాండెంట్ గారు. సంక్రాంతి సెలవుల లోపు తేల్చాలని మీటింగ్ పెట్టుకున్నాం.